కొత్త యాంటీ మాల్‌వేర్ స్కానర్‌ను నమ్మవచ్చో లేదో ఇంట్లోనే ఎలా తేల్చుకోవాలి?

కేపీహెచ్‌బీ డీటీపీ:

నమస్కారం అండి. కేపీహెచ్‌బీలో ఇంట్లోనే డీటీపీ పని చేస్తాను. శుభలేఖలు, స్కూళ్ల ప్రశ్నపత్రాలు, కరపత్రాలు. ఉన్నది ఒకటే డెస్క్‌టాప్. విండోస్ 11, 8 జీబీ ర్యామ్. పగలు నా పని, సాయంత్రం మా అమ్మాయి ఎప్‌సెట్ క్లాసులు. కస్టమర్లు చాలామంది మ్యాటర్‌ని పెన్‌డ్రైవ్‌లోనే తెస్తారు.

మొన్న ఒకాయన ఇచ్చిన పెన్‌డ్రైవ్ పెడితే ఫోల్డర్లు ఉండాల్సిన చోట బాణం గుర్తున్న షార్ట్‌కట్‌లు కనిపించాయి. ఒక్కోటి ఒక కేబీ, రెండు కేబీ. దేన్నీ నొక్కకుండా తీసి పక్కన పెట్టాను. అప్పటి నుంచి టెన్షన్‌గానే ఉంది. ఇది విని మా మరిది కొత్తగా వచ్చిందంటూ ఒక ఫ్రీ స్కానర్ వేశాడు. అది కాసేపట్లోనే వందల కొద్దీ ‘ముప్పులు’ ఎర్ర అక్షరాల్లో చూపించింది. తీసేయాలంటే డబ్బు కట్టమంటోంది. నేను రోజంతా వాడే తెలుగు కీబోర్డు ప్రోగ్రాం కూడా ఆ జాబితాలో ఉంది. అది పోతే నా పని ఆగిపోతుంది. విండోస్‌తో వచ్చిన డిఫెండర్ మాత్రం ఏమీ లేదంటోంది.

ఏది మంచిదో పేరు చెప్పమని అడగడం లేదండి. రేపు ఇంకొకటి వస్తుంది. అది నిజంగా పనిచేస్తోందా, ఊరికే భయపెడుతోందా అన్నది నేనే తేల్చుకోవాలంటే ఏం చూడాలి?

సైనిక్‌పురి:

డిఫెండర్ చాలండి. అప్‌డేట్లు ఆపకండి, క్రాక్ సాఫ్ట్‌వేర్ జోలికి పోకండి. డబ్బు మాత్రం కట్టకండి.

పార్క్‌లేన్ రిపేర్:

అక్కా, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్లు బాగుచేస్తుంటాను. ఇలా భయపడి డబ్బు కట్టేసి, ఆ తర్వాత మిషన్ నెమ్మదించిందని మా దగ్గరికి తెచ్చేవాళ్లను చూస్తే బాధేస్తుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఎన్ని దొరికాయన్నది వదిలేయండి. ఏం దొరికాయో చూడండి. జాబితాలో ఒక్కో వరుస తెరిస్తే ఆ ఫైలు ఏ ఫోల్డర్‌లో ఉంది, అది ఏ రకం అన్నది కనిపించాలి. ట్రోజన్, వార్మ్ లాంటి మాట, దాని పక్కన ఒక పేరు, పూర్తి పాత్. మీ జాబితాలో ఎక్కువ భాగం బ్రౌజర్ కుకీలు, టెంప్ ఫైళ్లు, ఎప్పుడో తీసేసిన ప్రోగ్రాంల రిజిస్ట్రీ ఎంట్రీలే (విండోస్ సెట్టింగ్‌ల చిట్టాలో మిగిలిన వరుసలు) ఉంటే అవి మాల్‌వేర్ కాదు. అన్నిటికీ ఒకే ఎరుపు పులిమి లెక్క పెంచే స్కానర్‌ను నేనైతే అక్కడికక్కడే తీసేస్తాను.

ఇక పరీక్ష. దీనికి ఐకార్ టెస్ట్ ఫైల్ అని ఒకటుంది. 68 అక్షరాల చిన్న ఫైలు, ఎవరికీ హాని చేయదు. దాన్ని చూస్తే వైరస్ దొరికినట్టు అరవాలని యాంటీవైరస్ కంపెనీలు ఒప్పుకున్నాయి. ఐకార్ సంస్థ సైట్‌లోనే దొరుకుతుంది. మామూలుగా ఒకసారి, జిప్‌లో పెట్టి ఒకసారి, జిప్‌లో ఇంకో జిప్ పెట్టి ఒకసారి చూడండి. వాచ్‌మన్ మేలుకుని ఉన్నాడా లేదా అని గేటు తట్టి చూడటం లాంటిది ఇది. దొంగను పట్టుకోగలడా అన్నది దీంతో తేలదు. అలాగని నిజమైన వైరస్‌లు దింపి ఇంట్లో ప్రయోగాలు చేయొద్దు. యూట్యూబ్‌లో చేసేవాళ్లు అందుకోసం వేరే మిషన్ పెట్టుకుంటారు. మీ డెస్క్‌టాప్‌లో కస్టమర్ల మ్యాటర్ ఉంది, పాప నోట్సు ఉన్నాయి.

పట్టుకోగలదా అన్నది ల్యాబ్‌లు చెప్పాలి. జర్మనీలో ఏవీ టెస్ట్, ఆస్ట్రియాలో ఏవీ కంపారిటివ్స్ ఉన్నాయి. ఫలితాలు ఉచితంగా చదువుకోవచ్చు. ఏవీ టెస్ట్‌వాళ్లు రక్షణకు 6, మిషన్ మీద భారానికి 6, వాడుకకు 6, మొత్తం 18 పాయింట్లకు మార్కులు వేస్తారు. అందరూ రక్షణ మార్కే చూస్తారు. మీరు మూడోది చూడండి. మంచి ప్రోగ్రాంను వైరస్ అని ఎన్నిసార్లు పొరబడిందో దాంట్లోనే తెలుస్తుంది. మీ కీబోర్డు గొడవ సరిగ్గా అదే. అయితే ఈ ల్యాబ్‌లు ఎక్కువగా పరీక్షించేది నిత్యం కాపలా కాసే యాంటీవైరస్‌లను. మనం అడిగినప్పుడు మాత్రమే స్కాన్ చేసే చిన్న టూల్స్ అక్కడ కనిపించకపోవచ్చు. అలాంటప్పుడు తయారు చేసిన కంపెనీ ఎవరు, వాళ్ల వేరే ప్రొడక్ట్ ఏదైనా ల్యాబ్‌కు వెళ్లిందా అని చూడండి.

చివరిగా మీ మిషన్ మీద. మీ పెద్ద పేజ్‌మేకర్ ఫైలు తెరవడానికి, శుభలేఖల ఫోల్డర్ ఒక డ్రైవ్ నుంచి ఇంకోదానికి కాపీ కావడానికి ఎంత టైం పడుతుందో స్కానర్ వేయకముందు, వేశాక ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూడండి. ల్యాబ్ మార్కు వేరు, మీ పాత హార్డ్‌డిస్క్ వేరు. ఇంకో సంగతి, రెండు యాంటీవైరస్‌లను ఒకేసారి కాపలా పెట్టొద్దు. వేరే యాంటీవైరస్ వచ్చి విండోస్ దగ్గర నమోదైతే డిఫెండర్ తనంతట తానే పక్కకు తప్పుకుంటుంది. ట్రయల్ అయిపోయాక ఎవరు కాపలా ఉన్నారో విండోస్ సెక్యూరిటీలో చూసుకోవాలి. చాలామంది ఇక్కడే దెబ్బతింటున్నారు.

మణికొండ:

పైన అన్న చెప్పినవన్నీ సరే. కీబోర్డు ప్రోగ్రాం సంగతి నేను చెప్తాను. అలాంటి ప్రోగ్రాం మీరు నొక్కే ప్రతి కీని మధ్యలో అందుకుని తెలుగు అక్షరంగా మారుస్తుంది. పాస్‌వర్డ్‌లు దొంగిలించే కీలాగర్ కూడా కీలను అలాగే అందుకుంటుంది. అందుకని కొన్ని స్కానర్లు ప్రవర్తన చూసి అనుమానిస్తాయి. అనుమానించడం తప్పు కాదు, కానీ మీరు కూడా సరిచూసుకోవాలి. ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్, అంటే తయారు చేసిన కంపెనీ వేసిన ఎలక్ట్రానిక్ సంతకం, ఉందేమో చూడండి. పాత తెలుగు సాఫ్ట్‌వేర్‌లో చాలావాటికి ఉండదు. అప్పుడు విండోస్‌లోనే ఉండే పవర్‌షెల్‌లో గెట్ ఫైల్‌హ్యాష్ (Get-FileHash) కమాండ్ ఇచ్చి, వచ్చిన షా 256 సంఖ్యను వైరస్‌టోటల్ సైట్‌లో వెతకండి. ఆ సంఖ్యనే హ్యాష్ అంటారు, ఫైలుకు వేలిముద్ర లాంటిది. పదుల కొద్దీ యాంటీవైరస్ ఇంజన్లు ఆ ఫైలును ఏమన్నాయో ఒక్కచోట కనిపిస్తుంది. ఒకటో రెండో పేరులేని ఇంజన్లు అనుమానిస్తే అది పొరపాటు కావచ్చు. పెద్దవన్నీ ఒకే వైరస్ కుటుంబం పేరు చెబితే ఆ ఫైలు ముట్టుకోవద్దు.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. కస్టమర్ల ఆధార్ కాపీలు, ప్రశ్నపత్రాలు వైరస్‌టోటల్‌కు అప్‌లోడ్ చేయకండి. అక్కడ పెట్టిన ఫైళ్లు సెక్యూరిటీ కంపెనీల చేతికి వెళ్తాయి. హ్యాష్ వెతికితే ఫైలు మీ దగ్గరే ఉంటుంది. ఇంకోటి, వైరస్‌టోటల్ చూసి ఏ యాంటీవైరస్ గొప్పదో తేల్చొద్దు. అక్కడి ఇంజన్లు మన ఇళ్లలో నడిచే పూర్తి ప్రోగ్రాంలా పనిచేయవు. ఆ మాట వాళ్లే రాసుకున్నారు.

రెండో అభిప్రాయం కావాలంటే మైక్రోసాఫ్ట్ సేఫ్టీ స్కానర్ ఉంది. దింపుకున్న 10 రోజులకు గడువు తీరిపోతుంది, మళ్లీ కొత్తది తీసుకోవాలి. మన కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2017లో మొదలుపెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం సైట్‌లో కూడా ఉచిత టూల్స్ ఉన్నాయి.

కేపీహెచ్‌బీ డీటీపీ:

అందరికీ చాలా థ్యాంక్స్ అండి. జాబితా తెరిచి చూశాను. దాదాపు అన్నీ కుకీలూ, బ్రౌజర్ టెంప్ ఫైళ్లే. ఐకార్ ఫైలును మామూలుగా పెడితే ఆ కొత్త స్కానర్ పట్టింది, జిప్‌లో పెడితే చడీచప్పుడు లేదు. డిఫెండర్‌తో స్కాన్ చేస్తే జిప్‌లోదీ దొరికింది. కీబోర్డు ప్రోగ్రాంకు సిగ్నేచర్ లేదు. హ్యాష్ వెతికితే నేనెప్పుడూ వినని ఇంజన్లు రెండు తప్ప అన్నీ శుభ్రమే అన్నాయి. కొత్త స్కానర్ తీసేశాను. మా మరిది కాస్త చిన్నబుచ్చుకున్నాడు గానీ ఈ చర్చ చూపించాక తన ల్యాప్‌టాప్‌లోనూ తీసేశాడు.

ఒక్క సందేహం. ఆ పెన్‌డ్రైవ్ ఆయనది పెళ్లి పని. అందులో మ్యాటర్ పోయినట్టేనా? డిఫెండర్ ఫుల్ స్కాన్ పెట్టినా దాని ఊసే ఎత్తలేదు.

పార్క్‌లేన్ రిపేర్:

పోలేదు అక్కా. డిఫెండర్ ఫుల్ స్కాన్ మామూలుగా పెన్‌డ్రైవ్‌లను చూడదు. పెన్‌డ్రైవ్ పెట్టి, తెరవకుండా, దిస్ పీసీలో దాని మీద రైట్ క్లిక్ చేసి విడిగా స్కాన్ చేయండి. తర్వాత ఫోల్డర్ ఆప్షన్స్‌లో దాచిన ఫైళ్లు, సిస్టం ఫైళ్లు కనిపించేలా పెట్టండి. అసలు ఫోల్డర్లు మసకగా కనిపిస్తాయి. ఒక్కోసారి ఆ షార్ట్‌కట్ వైరస్ పేరే లేని ఫోల్డర్ ఒకటి సృష్టించి అన్నీ దాంట్లో తోసేస్తుంది. ఫొటోలు, వర్డ్, పీడీఎఫ్ ఫైళ్లు మాత్రమే కాపీ చేసుకోండి. బాణం గుర్తున్నవి, ఈఎక్స్‌ఈ, వీబీఎస్ ఫైళ్లు (నొక్కితే ప్రోగ్రాంలా నడిచేవి) ముట్టుకోకండి. ఫైళ్లు సరిగ్గా తెరుచుకుంటున్నాయని చూసుకుని, ఆయన్ని అడిగి పెన్‌డ్రైవ్ ఫార్మాట్ చేసి ఇవ్వండి. ఆయన ఇంట్లో కంప్యూటర్ కూడా స్కాన్ చేయించుకోమని చెప్పండి, లేకపోతే వచ్చే వారం మళ్లీ అదే పెన్‌డ్రైవ్ అలాగే వస్తుంది.