పెరిగిన ఇంటి పన్ను మదింపు మీద అప్పీలు ఎలా చేసుకోవాలి?

మేం ఇల్లు కట్టి 12 ఏళ్లయింది, తర్వాత ఒక్క గది కూడా వేయలేదు. అయినా వరుసగా మూడో ఏడాదీ పన్ను పెరిగింది. నోటీసు చూస్తే రేటు పాతదే, ఇంటి విలువ మదింపే పెంచారు. రికార్డు నకలు తెప్పించుకుంటే విస్తీర్ణం 200 చదరపు అడుగులు ఎక్కువుంది. మేడ మీది రేకుల షెడ్డును గదిగా లెక్కేసినట్టున్నారు!

అప్పీలు గడువు 3 వారాలే. కొలతల తప్పు ఒక్కటే రాస్తే చాలా, మాలాంటి ఇళ్ల మదింపుతో పోలిక కూడా చూపాలా? పక్కవాళ్లకు పన్ను పెరుగుతుందేమోనని మనసొప్పడం లేదు. ఇంజనీరు చేత కొలిపించిన ప్లాను జతచేస్తే పనికొస్తుందా? అప్పీలు తేలేదాకా కట్టకపోతే వడ్డీ పడుతుందని భయం. కట్టేస్తే ఒప్పుకున్నట్టవుతుందా? అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.