‘కుడి ఎడమైతే’ పాటలో ఉన్నది యోగమా, రాజకీయమా, ఓడిన మనిషి మాటా?

కొండారెడ్డి బురుజు (కర్నూలు):

1953లో వచ్చిన ‘దేవదాసు’ సినిమాలో ఘంటసాల పాడిన ‘కుడి ఎడమైతే పొరపాటు లేదోయ్, ఓడిపోలేదోయ్’ పాట మీద మా ఇంట్లో పెద్ద వాదన నడుస్తోంది. అది తాగుబోతు పాట కానే కాదని, రాజకీయమని మా పెదనాన్న పట్టు. కుడి అంటే కాంగ్రెసు, ఎడమ అంటే కమ్యూనిస్టులు అంటారు ఆయన. సినిమా జూన్‌లో విడుదలైంది. అదే ఏడాది అక్టోబర్ 1న మా కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. అంత వేడిలో ఉన్న కవి ఊరికే కుడి, ఎడమ అంటాడా అని ఆయన ప్రశ్న. నాకూ కొంత నిజమే అనిపిస్తోంది. ఎందుకంటే పైపైన వింటే ఈ పాటలో ఒక వాక్యానికి మరో వాక్యంతో పొంతన కుదరదు. సుడి, మేడ, చిలక, వడగాలి, చందమామ, లంగరు... లోపల ఇంకో అర్థం లేకపోతే ఇవన్నీ ఒకచోట ఎందుకు చేరాయి? తెలిసినవాళ్లు చెప్పండి.

బ్రహ్మంగారి బాట (మైదుకూరు):

లోపల అర్థం ఉంది తమ్ముడూ, కానీ అది రాజకీయం కాదు. తత్వాలు వింటూ పెరిగినవాళ్లకు ఈ పాట మొదటిసారి చెవిన పడగానే తెలిసిపోతుంది. యోగంలో చెప్పే శ్వాస నాడుల్లో కుడి పింగళ, ఎడమ ఇడ. శ్వాస ఒక నాడి నుంచి ఇంకో నాడికి మారితే పొరపాటు ఏమీ లేదు, నడుమనున్న సుషుమ్న నాడి తెరుచుకోవాలంటే ఆ రెండూ సమం కావాలి. సుడిలో దూకాక ఎదురీదవద్దు అంటున్నాడు, అంటే మనసును ఆత్మలో పూర్తిగా ముంచమని. మేడ శిరస్సు. అందులోని పైడిబొమ్మ పరమాత్మ, నీడన ఉన్న చిలక జీవుడు. చందమామ నడినెత్తిన ఉండే సహస్రార చక్రంలో అమృతం కురిపించే చంద్రుడు. నడిసముద్రం చేరినవాడికి లంగరుతో పని లేదు, సమాధిలో ఉన్నవాడికి ఏ ఆధారంతోనూ పని లేనట్టే. ఒక్క మాటయినా మిగిలిందా?

అదే సినిమాలో ‘జగమే మాయ’ పాట ఉంది. వేదాల సారం ఇంతే అని అందులో నేరుగానే చెప్పారు. అక్కడ వేదాంతం పాడించినవాళ్లు ఇక్కడ యోగం పాడించారంటే నమ్మడానికి కష్టమేముంది?

గుత్తి కోట (అనంతపురం):

ముందు రాజకీయం సంగతి తేల్చేస్తాను, దాని మీద ఎక్కువసేపు నిలవనక్కర్లేదు. ఈ సినిమా సంగీత దర్శకుడు సి.ఆర్. సుబ్బరామన్ 1952లోనే చనిపోయారు. అప్పటికే చాలా పాటలకు బాణీలు కట్టి ఉంచారు. కర్నూలు రాజధాని అని ఖాయమైంది 1953లో. ఇక పార్టీల మాట. ‘దేవదాసు’ వచ్చిన రెండేళ్లకు, 1955లో, ‘రోజులు మారాయి’ సినిమాకు కొసరాజు ‘ఏరువాక సాగారో’ రాశారు. పల్లెటూళ్లలో చెల్లక పాలిటిక్స్ మీద బతికేవాళ్లను, ప్రజాసేవ అని అరుస్తూ ఒళ్లు వంచనివాళ్లను ఆ పాటలో ఏ దాపరికమూ లేకుండా ఎండగట్టారు. జనం దాన్ని పొలాల్లో పాడుకున్నారు. అంత బాహాటంగా చెప్పగలిగిన కాలంలో పార్టీలను రెండు దిక్కుల వెనుక దాచాల్సిన అవసరం కనిపించదు. పైగా చరణాల్లో పార్టీల ప్రస్తావనగా చదవదగిన మాట ఒక్కటీ లేదు. పల్లవిలో ఒక జంట పదం పట్టుకుని మిగతా పాటను వదిలేయడం పాటకు అన్యాయం.

మైదుకూరు అన్న చెప్పినది అలా తీసిపారేయదగినది కాదు, దాని మీదే నాకు ఎక్కువ చెప్పాలని ఉంది. తత్వానికి లోపలి అర్థం నిజంగానే ఉంటుంది. అది వినేవాడి ఊహ కాదు. తొమ్మిది వాకిళ్ల ఇల్లు అంటే దేహమని పాడేవాడికీ తెలుసు, పక్కన కూర్చుని తాళం వేసేవాడికీ తెలుసు. తెలియని కొత్తవాడికి గురువు చెబుతాడు. అంటే చెప్పేవాడికీ వినేవాడికీ మధ్య ముందే ఒక ఒప్పందం ఉంది.

అన్నమయ్య దగ్గర ఇది ఇంకా స్పష్టం. రాజంపేట దగ్గరి తాళ్లపాకలో పుట్టిన ఆ మహాకవి శృంగార సంకీర్తనల్లో నాయిక విరహం పూర్తిగా లౌకికంగా సాగుతుంది. చివరి చరణంలో వేంకటేశుడి పేరు వస్తుంది. ఆ ముద్ర పడగానే అప్పటిదాకా విన్నదంతా మరో వెలుగులో కనిపిస్తుంది. తిరుమలలో దొరికిన రాగిరేకుల్లో అధ్యాత్మ సంకీర్తనలు వేరు, శృంగార సంకీర్తనలు వేరు అన్న విభజన కూడా ఉంది. తన పాటను ఎలా వినాలో చెప్పే గుర్తును ఆ సంప్రదాయం పాటతో పాటే మనకు అందించింది. దాచడం అంటే అది. దొరికేలా దాచడం.

సినిమా పాటకు ముద్ర లేదు. ముద్ర స్థానంలో ఉన్నది సన్నివేశం. ఎవరు పాడుతున్నారు, ఏం పోగొట్టుకున్నాక పాడుతున్నారు అన్నది వదిలేసి సినిమా పాటకు అర్థం చెప్పడమంటే వేంకటేశుడి పేరు కొట్టేసి అన్నమయ్యకు అర్థం చెప్పడమే. ఇక్కడ పాడుతున్నవాడు తండ్రి మాటకు తలొగ్గి పార్వతిని చేజార్చుకున్నాడు. ఆమె వయసు మళ్లిన జమీందారుకు భార్యగా వెళ్లిపోయింది. ఇతడు తాగుడుకు బానిసయ్యాడు. కర్నూలు తమ్ముడు పొంతన లేదన్న వాక్యాలను ఈ కథ పక్కన పెట్టి మళ్లీ చదవండి. మేడలో పైడిబొమ్మ ఎవరో వేరే చెప్పాలా? కొండనే రగిలించే వడగాలి వీస్తుంటే నీ సిగలో పువ్వెందుకు అంటున్నాడు. మే నెల మధ్యాహ్నం గుత్తి కోట కింద నిలబడినవాళ్లెవరికీ ఈ మాటకు వ్యాఖ్యానం అక్కర్లేదు. కుడి ఎడమ కావడం అంటే తన బతుకు తారుమారు కావడం. వాక్యాలు ఒకదానితో ఒకటి అతకనట్టు ఉన్నాయంటే, మత్తులో ఉన్న మనసు అలాగే ఒకదాని మీది నుంచి మరోదాని మీదికి దూకుతుంది.

అసలు విషయం ఒక్క క్రియలో ఉంది. యోగి అయితే ‘మునకే సుఖం’ అంటాడు, అక్కడితో ఆగుతాడు. ఇతడు ‘సుఖమనుకోవోయ్’ అంటున్నాడు. సుఖం కాదని తెలుసు కాబట్టే అనుకోమంటున్నాడు. పల్లవీ అంతే. పొరపాటు లేదు, ఓడిపోలేదు అని వరుసగా రెండుసార్లు కాదంటున్నాడు. గెలిచినవాడు ఎక్కడా ఓడిపోలేదని పాడుకోడు. ఈ పాటలో దాగిన అర్థం ఉందా అంటే ఉంది, చాలా లోతుగా ఉంది: పైకి చెప్పినదానికి అది సరిగ్గా ఎదురు. పొరపాటు జరిగింది, ఓడిపోయాను, మునిగిపోతున్నాను, పట్టుకోవడానికి ఏమీ లేదు. ‘జగమే మాయ’లో వేదాలను పిలిచి సాక్ష్యం చెప్పించుకోవడం కూడా ఆ మనిషి తల దాచుకునే ప్రయత్నమే. వేదాంతం అక్కడ పాట చెప్పే నీతి కాదు, పాత్ర వెతుక్కున్న ఆసరా.

ఇంకొక మాట. ఇడ, పింగళ, సహస్రారం అనే తాళంచెవితో తెరుచుకోని పాట ఉందా? మన తాడిపత్రిలో పుట్టిన కె.వి. రెడ్డి గారి ‘మాయాబజార్’లో, 1957లో, పింగళి రాసిన ‘లాహిరి లాహిరి’ని తీసుకోండి. వెన్నెల ఉంది, నీళ్లున్నాయి, పడవ ఉంది. అన్న చెప్పిన పద్ధతిలో దాన్నీ పూర్తిగా యోగసాధన చేసేయవచ్చు. కానీ అది వెన్నెల్లో పడవ మీద ప్రేమికుల పాట. ప్రతి పాటకూ ఒకేలా కుదిరే అర్థం ఈ పాట గురించి ప్రత్యేకంగా ఏమీ చెప్పదు.

బ్రహ్మంగారి బాట (మైదుకూరు):

మీరు ఓపికగా రాశారు, సంతోషం. కానీ కక్కయ్య కథ గుర్తు చేసుకోండి. దేహంలో చక్రాలున్నాయి, వాటిలో దేవతలున్నారు అని బ్రహ్మంగారు శిష్యుడు సిద్దయ్యకు బోధిస్తుంటే కక్కయ్య చాటుగా విన్నాడు. ఇంటికి పోయి భార్య దేహాన్ని కోసి చూశాడు. దేవతలు కనిపించలేదు. అంతా అబద్ధమని వచ్చి స్వామిని నిందించాడు. స్వామి ఆమెను బతికించి, అసలు విషయం తెలియజేశారు. పాటను సన్నివేశం, క్రియ, చరణం అని ముక్కలు చేసి చూస్తే యోగం కనిపించదు. కనిపించనంత మాత్రాన లేదని కాదు.

రెండోది మరీ ముఖ్యం. సన్నివేశమే ముద్ర అన్నారు. మా ఊళ్లో ఈ పాటను ప్రాణంగా ప్రేమించినవాళ్లలో చాలామంది సినిమా చూడనేలేదు. కడప ఆకాశవాణిలో విన్నారు. వాళ్లకు పార్వతి తెలియదు, జమీందారు తెలియదు. వాళ్లకు తెలిసినది తత్వం. వాళ్లు విన్నది తప్పా? 1960లో వచ్చిన ‘కులదైవం’లోని ‘పయనించే ఓ చిలుకా’ మా దగ్గర చావు ఇళ్లలో పాడతారు. సినిమాలో అది ఎవరు ఎందుకు పాడారో అక్కడ ఎవరికీ పట్టదు. గూడు దేహం, చిలక ప్రాణం, అంతే.

పెన్నేటి ఇసుక (కడప):

సన్నివేశం మీద ఆధారపడాలి అన్న గుత్తి కోట గారి మాటకు నేను ఒక బలం చేరుస్తాను. ఇలాంటి చర్చల్లో అందరూ చివరికి ‘కవి మనసులో ఏముంది’ దగ్గరికి వస్తారు. ఈ పాటకు తెర మీద ఉన్న పేరు సముద్రాల రాఘవాచార్య గారిది. సముద్రాల పేరుతో వచ్చిన పాటల్లో కొన్ని మల్లాది రామకృష్ణశాస్త్రి గారు రాసినవని, ‘దేవదాసు’ పాటల్లోనూ ఆయన చెయ్యి ఉందని సాహిత్యం తెలిసినవాళ్లు చాలాకాలంగా అంటున్నారు. అలాంటప్పుడు ఎవరి జీవితంలో వెతుకుతాం? ‘డాక్టర్ చక్రవర్తి’లో ‘మనసున మనసై’ రాసింది శ్రీశ్రీ. మనసు అనే మాట వినగానే ఆత్రేయదనుకుని, ఆత్రేయ బాధలన్నీ అందులో చూసినవాళ్లు ఎంతమంది లేరు! పాట మీద పేరు మారితే అర్థం మారిపోతుందంటే, ఆ అర్థం పాటలో లేదనే కదా.

అయితే గుత్తి కోట గారు చందమామను ముట్టుకోకుండా దాటేశారు. ఈ కథలో పార్వతి ఒక్కతే లేదు, చంద్రముఖి కూడా ఉంది. దేవదాసును మనసారా ప్రేమించి, తన వృత్తినే వదులుకున్న మనిషి ఆమె. అలాంటి పేరున్న స్త్రీ ఉన్న కథలో చందమామ మసకేసిపోయిందని పాడితే, నాకు ఆమె ముఖం కనిపిస్తుంది. మేడలోని బొమ్మ ఒకరు, మసకబారిన వెన్నెల ఇంకొకరు. ఇద్దరూ అతడికి దక్కలేదు. సన్నివేశం ముద్ర అయితే ఆ ముద్రలో ఇద్దరి పేర్లూ ఉండాలి.

గుత్తి కోట (అనంతపురం):

చంద్రముఖి విషయంలో మీరు చెప్పినది చాలా బాగుంది అమ్మా. యోగం అవసరం లేకుండానే చందమామకు చోటు దొరికింది.

మైదుకూరు అన్నకు రెండు మాటలు. కక్కయ్య చేసిన తప్పు ముక్కలు చేసి చూడడం అంటారు మీరు. నాకు అందులో అంతకంటే ముందే ఒక తప్పు కనిపిస్తుంది. బ్రహ్మంగారు ఆ మాట చెప్పింది సిద్దయ్యకు, అతడి సాధనకు తగినట్టు. కక్కయ్య మాట విన్నాడు కానీ, అది ఎవరికి, ఏ సందర్భంలో చెప్పినదో పట్టించుకోలేదు. సందర్భం వదిలేస్తే ఎంత దారుణం జరుగుతుందో చెప్పే కథ అది.

చిలక పాట మీరు అన్నట్టే. దానికి నేను అడ్డు చెప్పను. ఎందుకంటే గూడు, చిలక అనే జంట తత్వాల్లో నుంచే వచ్చింది, రాసినవారికి అది తెలుసు, తెలిసే వాడారు. ఇల్లు విడిచి పోవడం, దేహం విడిచి పోవడం, రెండూ అందులో పక్కపక్కనే నిలుస్తాయి. ఒకటి వచ్చి రెండోదాన్ని చెరిపేయదు. మీరు ‘కుడి ఎడమైతే’కు చెప్పిన అర్థంలో ఆ కుదురు లేదు. పార్వతి పరమాత్మ అయిపోయింది, తాగుడు సమాధి అయిపోయింది, చచ్చిపోతున్న ఒక మనిషి బాధ ఎక్కడా మిగల్లేదు. రేడియోలో మాత్రమే విన్నవాళ్లకు కథ తెలియకపోవచ్చు, కానీ ఘంటసాల గొంతులో ఆ ఓటమి వినిపించకుండా ఉంటుందా? ‘అనుకోవోయ్’ అన్న మాట రేడియోలోనూ ఉంది కదా?

కొండారెడ్డి బురుజు (కర్నూలు):

పెదనాన్నకు అంతా చదివి వినిపించాను. సుబ్బరామన్ గారి తేదీ విన్నాక కూడా కాంగ్రెసు, కమ్యూనిస్టుల మాట వదలనన్నారు. కానీ కొసరాజు పాట గురించి విన్నాక పాతది తెచ్చి పెట్టమన్నారు. నా వరకు వాక్యాల పొంతన సంగతి తేలిపోయింది. పార్వతి, చంద్రముఖి ఇద్దరినీ పెట్టుకుని వింటుంటే ఇంతకాలం విన్న పాట ఇదేనా అనిపిస్తోంది.

బ్రహ్మంగారి బాట (మైదుకూరు):

బాధ మిగల్లేదన్నారు, ఆ మాట నాకు తగిలింది. తత్వంలో బాధ లేదని ఎవరన్నారు? గురువు దొరకని జీవుడి ఏడుపు కంటే పెద్ద ఏడుపు ఏముంది? పరమాత్మకు దూరమైనవాడు కూడా తనకు తాను ‘అనుకో, అనుకో’ అని నచ్చజెప్పుకుంటాడు, అక్కడిదాకా వెళ్లినవాడికే అది తెలుస్తుంది. వైశాఖ శుద్ధ దశమికి కందిమల్లాయపల్లెలో స్వామి ఆరాధన జరుగుతుంది. మా భజన బృందం వస్తుంది. మీరూ రండి, తంబూర మీద ఇదే పాట పాడి వినిపిస్తాం. విన్నాక కూడా ఓడిన మనిషి మాత్రమే కనిపిస్తే అప్పుడు మళ్లీ వాదించుకుందాం.

గుత్తి కోట (అనంతపురం):

తప్పకుండా వస్తాను అన్నా. ఒక్క షరతు: ‘సుఖమనుకోవోయ్’ను అలాగే పాడాలి. తాళానికి కుదరలేదని ‘సుఖమేనోయ్’ అని మార్చకూడదు.