ఫ్రీవేలో ‘ఫ్రీ’ ఎవరికి?

ప్రశ్న (సబ్‌టైటిల్స్ రాసే సభ్యురాలు):

అందరికీ నమస్కారం. ఒక అమెరికన్ సీరియల్‌కి తెలుగు సబ్‌టైటిల్స్ రాస్తున్నాను. కథంతా కార్లోనే నడుస్తుంది. ఒక్క ఎపిసోడ్‌లోనే హైవే, ఫ్రీవే, ఎక్స్‌ప్రెస్‌వే, టర్న్‌పైక్, పార్క్‌వే అన్నీ వచ్చిపడ్డాయి. నిఘంటువు తీస్తే అన్నిటికీ ‘రహదారి’ ఒక్కటే దిక్కు. ఒకడు “టర్న్‌పైక్ వద్దులే, ఫ్రీవే పట్టుకుందాం” అంటాడు. “రహదారి వద్దులే, రహదారి పట్టుకుందాం” అని రాస్తే చూసేవాళ్లు నవ్వుతారు. అసలు వీటిలో తేడా దేన్ని బట్టి? వెడల్పా, వేగమా, టోలా? ఇంటర్‌సెక్షన్, జంక్షన్, ఇంటర్‌ఛేంజ్ సంగతి కూడా కాస్త చెప్పి పుణ్యం కట్టుకోండి.

ఒక సభ్యుడు:

ఇందులో అంత చిక్కేముందండీ? ఫ్రీవే అంటే ఫ్రీ, డబ్బు కట్టక్కర్లేదు. టర్న్‌పైక్ అంటే టోలు రోడ్డు. “టోలు రోడ్డు వద్దులే, ఫ్రీగా పోయేదాన్లో పోదాం” అని రాసెయ్యండి.

రిటైరైన రోడ్ల ఇంజనీరు:

ఆ డైలాగు వరకు మీ వాక్యం నడుస్తుంది. ఆ పాత్ర ఆలోచన కూడా బహుశా జేబు గురించే. కానీ మాట పుట్టినప్పుడు ‘ఫ్రీ’కి ఉన్న అర్థం అది కాదు.

ఫ్రీవే అనే మాటను 1930లో ప్రచారంలోకి తెచ్చినవాడు ఎడ్వర్డ్ బాసెట్, న్యూయార్క్ లాయరు. ఇంజనీరు కాడు, లాయరు. అందుకే ఆయన చూపు కంకర, తారు మీద కాకుండా హక్కుల మీద పడింది. మామూలు రోడ్డు పక్కన మీకు స్థలం ఉందనుకోండి. రోడ్డు వైపు గేటు పెట్టుకోవచ్చు, దుకాణం తెరుచుకోవచ్చు, కారు రివర్సులో నేరుగా రోడ్డు మీదికి తీయొచ్చు. ఆ హక్కు స్థలంతో పాటే వస్తుంది. బాసెట్ ఊహించిన రోడ్డు పక్క మాత్రం ఆ హక్కు ఎవరికీ ఉండదు. రోడ్డు మీ ప్రహరీని ఆనుకునే పోతుంది, అయినా మీరు చుట్టూ తిరిగి, ర్యాంపు ఎక్కడ కడితే అక్కడే ఎక్కాలి. పక్క గేట్ల బెడదా అడ్డ రోడ్ల బెడదా లేని దారి కనుక ఫ్రీవే. ఆ స్వేచ్ఛ రోడ్డుది, మన పర్సుది కాదు. అందుకే ఇంజనీర్ల లెక్కలో పెన్సిల్వేనియా టర్న్‌పైక్ కూడా ఫ్రీవేయే, టోలు కట్టించుకుంటూనే!

బాసెట్ విభజన చక్కగా ఉంటుంది. హైవే ప్రయాణం కోసం, పక్క స్థలాల వాళ్లకి దాని మీద హక్కుంది. పార్క్‌వే విహారం కోసం, ఆ హక్కు లేదు. ఫ్రీవే ప్రయాణం కోసం, అక్కడా హక్కు లేదు.

కాబట్టి అమ్మా, వెడల్పూ వేగమూ పక్కన పెట్టండి. రోడ్డు పేరు చూడగానే ‘దీని మీదికి ఎవరు, ఎక్కడి నుంచి ఎక్కొచ్చు?’ అని అడగండి. సగం ముడి అక్కడే విడిపోతుంది.

సబ్‌టైటిల్స్ సభ్యురాలు:

మరి ఎక్స్‌ప్రెస్‌వే? రెండూ ఒకటే అన్నట్టు మాట్లాడుతున్నారు ఇందులో.

రోడ్ల ఇంజనీరు:

అమెరికా ప్రభుత్వ ట్రాఫిక్ మాన్యువల్ ప్రకారం ఎక్కడం దిగడం పూర్తిగా ర్యాంపుల మీదే జరిగితే ఫ్రీవే. ఆ కట్టడి కొంతవరకే ఉంటే, అంటే నడుమ నడుమ సిగ్నలో అడ్డ రోడ్డో తగిలితే ఎక్స్‌ప్రెస్‌వే. పుస్తకంలో ఇంత శుభ్రంగా ఉంటుంది. బోర్డుల మీద అలా ఉండదు. న్యూయార్క్‌లో లాంగ్ ఐలండ్ ఎక్స్‌ప్రెస్‌వే, క్రాస్ బ్రాంక్స్ ఎక్స్‌ప్రెస్‌వే నిర్వచనం ప్రకారం నూటికి నూరుపాళ్లు ఫ్రీవేలు. కాలిఫోర్నియా వాడు పుట్టుకతోనే ఫ్రీవే అంటాడు. దక్షిణ కాలిఫోర్నియా వాడైతే నంబరు ముందు ‘ద’ కూడా తగిలించి ‘ద 405’ అంటాడు. డైలాగు రాసినవాడు చెవి ఉన్నవాడైతే ఈ ఒక్క ‘ద’తోనే మనిషి ఊరు చెప్పేస్తాడు. తెలుగులోకి అది రాదు, వదిలెయ్యండి.

ఇంటర్‌స్టేట్ వేరే జాబితా. 1956లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సంతకం పెట్టిన చట్టంతో మొదలైన జాతీయ రోడ్ల వ్యవస్థ పేరు అది. బేసి నంబర్లు ఉత్తర దక్షిణాలుగా, సరి నంబర్లు తూర్పు పడమరలుగా పోతాయి. పేరును బట్టి రాష్ట్రాల సరిహద్దు దాటి తీరాలని అనుకోకండి. హవాయిలో హెచ్-1, హెచ్-2, హెచ్-3 ఉన్నాయి. అవి సముద్రం దాటి ఏ రాష్ట్రానికి పోతాయి?

ఇంగ్లిష్ మాస్టారు:

హైవే గురించి ఒక మాట చేరుస్తాను. ‘హై’ అనగానే ఎత్తు అనుకుంటాం. బ్రిటన్ ఊళ్లలో ప్రధాన వీధిని హై స్ట్రీట్ అంటారు చూడండి, ఇదీ ఆ ‘హై’యే, ముఖ్యమైనదని. విచిత్రమేమిటంటే చట్టం దగ్గరికి వచ్చేసరికి ఆ పెద్దరికం కూడా పోతుంది. ఇంగ్లాండు న్యాయంలో జనానికి నడిచే హక్కున్న దారి ఏదైనా హైవేయే, పొలాల మధ్య కాలిబాటతో సహా. కాలిఫోర్నియా వాహన చట్టంలోనూ ప్రభుత్వం బాగుచేయిస్తూ, జనం బండ్లు తిరగనిచ్చే దారి ఏదైనా హైవే. వీధి కూడా అందులోకే వస్తుంది. అందుచేత కోర్టు సీనులో లాయరు హైవే అంటే ‘జాతీయ రహదారి’ అని రాయకండి. ‘ప్రజా మార్గం’ అంటే సరిపోతుంది.

టర్న్‌పైక్ కథ సరదాగా ఉంటుంది. పైక్ అంటే బల్లెం. దారికి అడ్డంగా మొనదేలిన కర్రల అడ్డు పెట్టి, సుంకం కట్టాక దాన్ని పక్కకి తిప్పేవారు. తిరిగే బల్లెం, టర్న్‌పైక్. ఇంగ్లాండులో 1663 నాటి చట్టంతో ఈ సుంకాల పద్ధతి మొదలై, పద్దెనిమిదో శతాబ్దానికి దేశమంతా అల్లుకుంది. అక్కడ టర్న్‌పైక్‌లు పోయాయి, మాట పాతబడింది. అట్లాంటిక్ దాటిన మాట మాత్రం న్యూజెర్సీలో, పెన్సిల్వేనియాలో ఇంకా డబ్బు వసూలు చేస్తూనే ఉంది. ‘పైక్’ అని ముద్దుగా కుదించి కూడా పిలుచుకుంటారు.

ఉర్దూ తెలిసిన సభ్యుడు:

మాస్టారూ, అయితే మన ‘రహదారి’ని అంత తేలిగ్గా తీసిపారేయకండి. చాలామంది దీన్ని రహ, దారి అని విడగొట్టి రెండో ముక్క తెలుగు ‘దారి’ అనుకుంటారు. ఇది పారసీ రాహ్‌దారీ. రాహ్ అంటే దారి, రాహ్‌దార్ అంటే దారిని కాచేవాడు, సుంకం పట్టేవాడు. మొగలుల కాలంలో రాహ్‌దారీ అంటే దారి మీద సరుకుకి కట్టే సుంకమే. ఔరంగజేబు పట్టానికొచ్చిన కొత్తలో దాన్ని రద్దు చేశాడు కూడా. అంటే ఇన్ని ఇంగ్లిష్ మాటల్లో రహదారికి అసలైన చుట్టం టర్న్‌పైక్!

సబ్‌టైటిల్స్ సభ్యురాలు:

భలే ఉందండీ, కానీ “రహదారి వద్దులే, ఫ్రీవే పట్టుకుందాం” అని రాస్తే ఇది ఎవరికి అందుతుంది!

ఇంగ్లిష్ మాస్టారు:

ఎవరికీ అందదు. ఇక్కడ మనం మురిసిపోవడానికే అది. పార్క్‌వేకి వస్తే, ఓల్మ్‌స్టెడ్, వాక్స్ అనే ఇద్దరు పార్కుల రూపశిల్పులు 1870లలో బ్రూక్లిన్‌లో ఈస్టర్న్ పార్క్‌వే వేయించారు. చెట్ల నడుమ గుర్రబ్బగ్గీలో షికారుకి పోయే దారి. న్యూయార్క్‌లో చాలా పార్క్‌వేల మీదికి ఇప్పటికీ లారీలని రానివ్వరు. ఇక బండి నడిపేది పార్క్‌వే మీద, నిలిపేది డ్రైవ్‌వేలో, ఇదేం భాషరా అని అమెరికన్లే నవ్వుకుంటారు. ఆ ‘పార్క్’ ఉద్యానం, పార్కింగ్ కాదని తెలిసీ.

రోడ్ల ఇంజనీరు:

ఇక కూడళ్లు. ఇక్కడ అడగాల్సింది ‘రెండు రోడ్లు ఒకే మట్టంలో కలుస్తున్నాయా?’ అని. ఇంజనీర్ల ఇంగ్లిష్‌లో గ్రేడ్ అంటే ఆ మట్టం, మార్కులు కావు. ఒకే మట్టంలో కలిస్తే ఇంటర్‌సెక్షన్. అక్కడ ఒకరు ఆగితేగాని ఇంకొకరు పోలేరు. ఒకటి పైనుంచి, ఇంకొకటి కిందనుంచి పోతూ ర్యాంపులతో ముడిపడితే ఇంటర్‌ఛేంజ్. ర్యాంపులు లేకుండా ఊరికే దాటిపోతే అది వట్టి ఓవర్‌పాస్, కూడలి కానే కాదు. జంక్షన్ రెండిటికీ పనికొచ్చే మాట, బ్రిటన్ వాళ్లకి మరీ ఇష్టం. అమెరికన్ ‘ఎగ్జిట్ 6’ అన్నచోట బ్రిటిషర్ ‘జంక్షన్ 6’ అంటాడు.

ఇంటర్‌ఛేంజ్‌లలో డైమండ్, ట్రంపెట్ అంటూ ఆకారాన్ని బట్టి పెట్టిన పేర్లు చాలానే ఉన్నాయి. పైనుంచి చూస్తే అర్థమవుతాయి కాబట్టి వాటిని వదిలేస్తున్నా. నాలుగు ర్యాంపులు నాలుగు ఆకుల్లా చుట్టుకునే క్లోవర్‌లీఫ్ దగ్గర మాత్రం ఆగాలి. ఆర్థర్ హేల్ దీనికి 1916లో అమెరికాలో పేటెంటు తీసుకున్నాడు. అక్కడ మొదటిది 1929లో న్యూజెర్సీలోని వుడ్‌బ్రిడ్జ్‌లో కట్టారు. అమెరికాలో బండి కుడివైపు నడుస్తుంది కదా. ఎడమకి పోవాలంటే ఎదురు బండ్లని దాటాలి. హేల్ పథకంలో ఎడమకి తిరగనే తిరగరు. వంతెన దాటి ముందుకు పోయి, కుడివైపు ర్యాంపులోకి దిగి, ముప్పావు చుట్టు చుట్టి, చివరికి మీరు అనుకున్న ఎడమ దిక్కుకే చేరతారు. ఎక్కడా ఆగక్కర్లేదు, ఒకే ఒక వంతెన చాలు.

తిరకాసు ఎక్కడంటే, ఒక ఆకు లోంచి పైకి వచ్చే బండి ఎడమకి జరిగి రోడ్డు మధ్యలోకి పోవాలి. అదే చిన్న ముక్కలో తర్వాతి ఆకులోకి దిగబోయే బండి కుడికి జరగాలి. వచ్చేవాడు వేగం పెంచుతుంటాడు, దిగేవాడు తగ్గిస్తుంటాడు. ఇద్దరి దారులూ ఒకదాన్నొకటి కోసుకుంటాయి. దీన్ని ఇంగ్లిష్‌లో వీవింగ్ అంటారు, నేత. రద్దీ పెరిగితే క్లోవర్‌లీఫ్ చతికిలబడేది ఇక్కడే. ర్యాంపులని అంతస్తులుగా పేర్చే స్టాక్ ఇంటర్‌ఛేంజ్‌లు వచ్చింది ఈ బాధ తప్పించడానికే. లాస్ ఏంజెలస్‌లో నాలుగంతస్తులది ఒకటుంది, దాని పేరే ఫోర్ లెవెల్.

ఒక సభ్యుడు:

స్పఘెట్టీ జంక్షన్ మర్చిపోయారేం?

రోడ్ల ఇంజనీరు:

అది వంటింటి మాట, నన్నడగకండి!

ఇంగ్లిష్ మాస్టారు:

నేను చెప్తాను. బర్మింగ్‌హామ్ దగ్గర ఎం6 మోటార్‌వే మీది గ్రేవెలీ హిల్ ఇంటర్‌ఛేంజ్ అది, 1972లో తెరిచారు. పేరు మాత్రం అంతకు ముందే, 1965లో స్థానిక పత్రికలో వచ్చింది. కట్టకముందే మారుపేరు పడ్డ కూడలి! ఇప్పుడు ఎక్కడ వంతెనలు చిక్కుపడినా స్పఘెట్టీ జంక్షన్ అనేస్తున్నారు. అన్నట్టు ఫ్రీవేకి బ్రిటన్ మాట మోటార్‌వే. అక్కడ మొదటిది 1958 డిసెంబరులో తెరిచిన ప్రెస్టన్ బైపాస్.

సబ్‌టైటిల్స్ సభ్యురాలు:

మంచి మాట అందించారు, నా చేతిలో తర్వాతి పని బ్రిటిష్ సీరియలే. రౌండ్‌అబౌట్, రోటరీ, ట్రాఫిక్ సర్కిల్, సర్కస్ ఒకటేనా? పికడిలీ సర్కస్ దగ్గర సర్కస్ ఏదీ కనపడలేదు.

ఇంగ్లిష్ మాస్టారు:

లాటిన్‌లో సర్కస్ అంటే వలయం. ఆటల సర్కస్‌కీ ఆ పేరు గుండ్రటి బరి వల్లే వచ్చింది. పికడిలీలోది కట్టినప్పుడు గుండ్రంగా ఉన్న కూడలి కాబట్టి సర్కస్. రోటరీ మసాచుసెట్స్ వైపు మాట. రౌండ్‌అబౌట్‌కీ పాత ట్రాఫిక్ సర్కిల్‌కీ అసలు తేడా ఆకారంలో లేదు, నియమంలో ఉంది. పాత వలయాల్లో చాలాచోట్ల లోపలికి వచ్చేవాడికి లోపల తిరిగేవాడు దారి ఇవ్వాల్సి వచ్చేది. రద్దీ వేళ అందరూ దూరి, ఎవరూ బయటికి రాలేక వలయమంతా బిగుసుకుపోయేది. 1966లో బ్రిటన్ దాన్ని తిరగేసింది. లోపల ఉన్నవాడిదే హక్కు, వచ్చేవాడు గీత దగ్గర ఆగాలి. ఆ ఒక్క నియమంతో వలయానికి మళ్లీ ప్రాణం వచ్చింది. స్విండన్‌లో 1972లో అయిదు బుల్లి రౌండ్‌అబౌట్లని ఒక పెద్దదాని చుట్టూ పేర్చి మ్యాజిక్ రౌండ్‌అబౌట్ చేశారు. అందులో నడుమ వలయం చుట్టూ ఎదురు దిశలో తిరుగుతారు.

బ్రిటిష్ స్క్రిప్టు అంటున్నారు కనుక ఒక్క హెచ్చరిక. పేవ్‌మెంట్ బ్రిటన్‌లో కాలిబాట, అమెరికాలో బండ్లు పోయే రోడ్డు పైభాగం. “పేవ్‌మెంట్ మీద నడు” అన్న తల్లి మాటని అమెరికన్ అర్థంతో రాస్తే పిల్లాణ్ణి లారీ కిందికి పంపినట్టే. సబ్‌వే బ్రిటన్‌లో జనం నడిచే సొరంగం, అమెరికాలో రైలు. ర్యాంపు బ్రిటన్‌లో స్లిప్ రోడ్ అవుతుంది, జారుడుకీ దానికీ సంబంధం లేదు.

సబ్‌టైటిల్స్ సభ్యురాలు:

టర్న్‌పైక్ డైలాగుకి “టోలు రోడ్డు వద్దులే, ఫ్రీవే పట్టుకుందాం” అని ఖాయం చేస్తున్నా. ఆఖరి సందేహం. అమెరికన్ సీరియల్‌లో పోలీసు వచ్చి “గోర్‌లో బండి ఆపకూడదని తెలీదా” అంటాడు. గోర్ అంటే నెత్తురు కదా? ఆ సీనులో ప్రమాదమేమీ జరగలేదే!

రోడ్ల ఇంజనీరు:

నెత్తుటితో పని లేదు. అది వేరే గోర్. దర్జీలు గౌను ఘేరు కోసం వేసే మూడు మూలల గుడ్డముక్కని అలా అంటారు. మెయిన్ రోడ్డు నుంచి ర్యాంపు చీలేచోట రెండిటి నడుమ మూడు మూలల జాగా మిగులుతుంది, తెల్లచారలు గీసి ఉంటుంది. ఎగ్జిట్ దాటిపోతున్నానని కంగారుపడ్డవాడు సరిగ్గా అక్కడ బండి ఆపి మ్యాపు చూసుకుంటాడు. వెనకనుంచి ఆఖరి క్షణంలో ర్యాంపులోకి తిరిగేవాడు వచ్చి గుద్దేదీ అక్కడే. “ఆ చారల మీద బండి ఆపకూడదని తెలీదా” అని రాయండి, తెర మీద చారలు కనపడుతూనే ఉంటాయి.