బీఈ 6 నాకు నచ్చింది, ఇంట్లో నచ్చలేదు. వాడేవాళ్లు కాస్త చెప్పండి

అందరికీ నమస్కారం. మొన్న మహీంద్రా ఎలక్ట్రిక్ కారు బీఈ 6, 79 కిలోవాట్ అవర్ బ్యాటరీది, టెస్ట్ డ్రైవ్ చేసొచ్చాను. ముందువైపు ఆ సీ ఆకారపు లైట్లు, డ్రైవర్ చుట్టూ విమానం కాక్‌పిట్‌లా కట్టిన డాష్‌బోర్డు... కళ్లు తిప్పుకోబుద్ధి కాలేదు. మా ఆవిడ మాత్రం "ఇది కారా, పిల్లాడి బొమ్మా?" అనేసింది.

అసలు చిక్కు వెనక సీటుతో. కిటికీలు చిన్నవి. కింద బ్యాటరీ ఉండడంతో ఫ్లోర్ ఎత్తుగా ఉండి, కూర్చుంటే మోకాళ్లు పైకి లేస్తున్నాయి. మా నాన్నగారికి మోకాళ్ల నొప్పులు. నెలకోసారి హైదరాబాద్ నుంచి విజయవాడ దాకా దాదాపు 275 కిలోమీటర్లు ఆయన కూర్చోవాల్సింది అక్కడే. పైగా పిల్లర్‌లో దాచిన వెనక తలుపు హ్యాండిల్ ఆయనకి దొరకనే లేదు!

వాడుతున్నవాళ్లు చెప్పండి: మే నెల ఎండలో ఆ అద్దాల పైకప్పు కింద వెనక కూర్చోగలరా? ఒక్క ఛార్జింగ్‌కి 682 కిలోమీటర్లు అని కంపెనీ అంటోంది సరే, ఏసీ వేసుకుని నలుగురితో 100 స్పీడులో వెళ్తే నిజంగా ఎంతొస్తోంది? ఏసీ తగ్గించాలన్నా టచ్‌స్క్రీనే తడమాలి కదా, అలవాటవుతుందా?

మహీంద్రాదే ఇంకో ఎలక్ట్రిక్ కారు ఎక్స్‌ఈవీ 9ఈలో వెనక చోటు ఎక్కువే. కానీ ఆ మూడు స్క్రీన్ల వరస నాకెందుకో టీవీ షోరూమ్‌లా అనిపించింది. అయినా నాన్నగారి కోసం అదే తీసుకోమంటారా?