తెలుగు బ్రాంచి, ఒడియా బ్రాంచి విడివిడిగా ఉండాలా?

పర్లాకిమిడి నుంచి:
మన ఓపెన్ సోర్స్ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కి మెయిన్ (అసలు కోడ్) కాక ఒడియా, తెలుగు అని రెండు బ్రాంచీలు, అంటే విడిగా సాగే కోడ్ కాపీలు, నడుస్తున్నాయి కదా. పోయిన వారం మా ఊళ్లో ఒక జీడిపప్పు కొట్టులో 12 కిలోల 450 గ్రాముల సరుక్కి 12 కిలోలకే బిల్లు వచ్చింది. ఆయన కాటా మీది అంకె పక్కన ఆ కాగితం పెట్టి చూపిస్తే నాకు తల కొట్టేసినట్టయింది. రెండు నెలల కిందట ఆ తప్పు దిద్దింది నేనే. ఒడియా బ్రాంచిలో దిద్దాను. తెలుగు బ్రాంచిలోకి ఎవరూ తేలేదు. రెండూ మెయిన్‌లో కలిపేసి, భాషని ఒక సెట్టింగుగా పెడదాం.

గుణుపురం నుంచి:
అన్నా, కలపడానికి నేను ఒప్పుకోను. మా వైపు తెలుగు బ్రాంచి వాడే కొట్లలో ఉన్నవి పాత కంప్యూటర్లు, మెయిన్‌లో కొత్తగా రాసిన ప్రింటింగ్ భాగం వాటి మీద నడవదు. దసరా బేరాల ముందు మార్చమంటే ఎవరు వింటారు? ఏ దిద్దుబాటు ఎక్కడిదాకా వచ్చిందో నేను ఎక్సెల్ షీటులో రాస్తున్నాను. అందరూ నింపితే చాలు.

రాయగడ నుంచి:
షీటు మీద నాకు నమ్మకం లేదు తమ్ముడూ. రాత్రి పదకొండింటికి బగ్ దిద్దినవాడు షీటు తెరవడు, పడుకుంటాడు.

లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నల్‌లో ఒకేసారి ఎన్నో స్టేబుల్ బ్రాంచీలు (దిద్దుబాట్లు అందుకునే పాత వెర్షన్లు) నడుస్తాయి. దిద్దుబాటు ముందు లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ నడిపే మెయిన్‌లైన్‌లో, అంటే అసలు కోడ్‌లో, చేరాలి, ఆ తర్వాతే పాత బ్రాంచీల్లోకి. అక్కడి కమిట్ (కోడ్‌లో నమోదైన ఒక మార్పు) నంబరు పాత బ్రాంచిలోని కాపీలో రాసి ఉండాలి. కాబట్టి పర్లాకిమిడి గారూ, బ్రాంచి ఉండటం తప్పు కాదు, మెయిన్‌ని వదిలేసి నేరుగా ఒడియాలో దిద్దడం తప్పు. మెయిన్‌లో దిద్ది, గిట్‌లో (కోడ్ మార్పుల లెక్క ఉంచే సాధనం) ఒక మార్పును వేరే బ్రాంచికి కాపీ చేసే చెర్రీ-పిక్ కమాండుకి మైనస్ ఎక్స్ జోడించి మిగతావాటికి తీసుకెళ్తే నంబరు ఆ మార్పు మెసేజ్‌లో పడుతుంది. కాన్‌ఫ్లిక్ట్ వస్తే, అంటే ఆ మార్పు అక్కడి కోడ్‌తో పొసగకపోతే మాత్రం పడిందో లేదో చూసి, లేకపోతే చేత్తో రాయాలి.

ఇప్పటిదాకా తప్పిపోయినవి కావాలంటే 'గిట్ చెర్రీ తెలుగు ఒడియా' కొట్టండి. ప్లస్ ఉన్నవి తెలుగులోకి రానివి, మైనస్ ఉన్నవి వచ్చినవి.

పర్లాకిమిడి నుంచి:
తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను. కొట్టి చూశాను. 31 వరసలు వచ్చాయి, 22 ప్లస్‌లు. ఒక్కొక్కటే విప్పి చూస్తే నాలుగు నిజానికి తెలుగులో ఉన్నవే. కాన్‌ఫ్లిక్ట్ దిద్దేటప్పుడు కోడ్ మారింది కాబట్టి గిట్ పోల్చుకోలేకపోయింది. నంబరు రాసి ఉంటే ఈ వెతుకులాట ఉండేది కాదు. ఆరు ఒడియా ఫాంటు సంగతులు. మిగిలిన 12 మాత్రం తెలుగు కొట్లకి కూడా కావలసినవే.

అయినా ఒక మాట మీద నిలబడతాను. గుణుపురం తమ్ముడికి కావలసింది తెలుగు బ్రాంచి కాదు, పాత ప్రింటింగ్ ఉన్న బ్రాంచి. పాత కంప్యూటరు ఒడియా కొట్లోనూ ఉంటుంది. భాషని సెట్టింగు చేసి, ఆ బ్రాంచికి 'పాత ప్రింటింగ్' అని పేరు పెడదాం.

గుణుపురం నుంచి:
అలాగైతే సరే. కానీ పేరు దసరా అయ్యాకే మార్చండి. ఈలోగా ఆ 12 పంపండి అన్నా, ఇక్కడ పాత మెషీను మీద ఒక్కోదానికీ బిల్లు తీసి చూస్తాను. ముందు ఆ 450 గ్రాములది.