గుడి స్తంభాల సున్నం గీకించాలా? ఇంగ్లండు పల్లె చర్చిలో చూసిన బొమ్మ గురించి ఒక సందేహం

తుంగభద్ర ఒడ్డు (కర్నూలు):
మా పాప దగ్గరికి ఇంగ్లండు వెళ్లినప్పుడు సఫోక్‌లో వెన్‌హాస్టన్ అనే పల్లెలో పాత చర్చి చూపించింది. లోపల పెద్ద చెక్క పలకల మీద రంగుల బొమ్మ ఉంది. చచ్చినవాళ్లు లేచి తీర్పుకు వస్తున్నారు, ఒక దేవదూత తక్కెడ పట్టుకుని తూకం వేస్తున్నాడు, నాకైతే మన చిత్రగుప్తుడే గుర్తొచ్చాడు. కానీ మధ్యలో సిలువ ఆకారంలో, దానికి అటూ ఇటూ మనుషుల ఆకారంలో రంగు లేకుండా ఖాళీగా ఉంది. చెరిగిపోయిందా, కావాలనే వదిలేశారా?
ఇంకోటి. మా ఊరి గుడి మండపం స్తంభాలకు తరతరాల సున్నం మందంగా పట్టింది. కమిటీవాళ్లు ఇసుక మిషన్‌తో కొట్టించి రాయి బయటపెడదామంటున్నారు. ఆ చర్చి చూసొచ్చినప్పటి నుంచి నాకు టెన్షన్‌గా ఉంది.

పెన్న ఇసుక (అనంతపురం):
చెరిగిపోలేదన్నా. అక్కడ చెక్క శిల్పాలు ఉండేవి: సిలువ మీద యేసు, ఒక పక్క మరియ, ఇంకో పక్క యోహాను. దాన్ని రూడ్ అంటారు. జనం ఉండే హాలుకూ బలిపీఠం ఉండే భాగానికీ మధ్య కమాను దగ్గర, పైన, అందరికీ కనపడేలా పెట్టేవాళ్లు. ఆ శిల్పాలు ఉన్నంత మేర పలకకు రంగు వేయలేదు. 16వ శతాబ్దంలో ఇంగ్లండు కాథలిక్కుల మతపెద్ద పోపుతో తెగతెంపులు చేసుకున్నాక, ముఖ్యంగా ఆరో ఎడ్వర్డ్ కాలంలో (1547–53), చర్చిల్లో విగ్రహాలు పీకేసి బొమ్మల మీద సున్నం కొట్టించారు.
ఈ బొమ్మ సంగతి మరీ విచిత్రం. 1892లో చర్చి మరమ్మతులు చేస్తూ, సున్నం పూసిన ఆ పలకలు పాత చెక్కే కదా అని బయట సమాధుల దగ్గర పడేశారు. రాత్రి వాన కురిసి సున్నం కరిగింది, తెల్లారేసరికి బొమ్మ బయటపడింది! స్వర్గం వాకిట్లో పేతురు ముందు ఒంటి మీద బట్టల్లేకుండా, నెత్తిన కిరీటాలూ టోపీలతో నిలబడిన రాజునూ మతపెద్దలనూ చూశారా? ఆ కాలంలో పల్లెజనం ముందు అంత ధైర్యంగా గీయడం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది.

గానుగ సున్నం (కడప):
మా నాయన సున్నం మేస్త్రి, నేనూ ఆ పనే చేశా, అందుకని గట్టిగా చెప్తున్నా సార్, మిషన్ పెట్టనీయొద్దు. ఇసుక తగిలితే రాయి పైపొర లేచిపోతుంది, ఉలి గుర్తులూ సన్నటి శాసనం అక్షరాలూ దాంతోపాటే పోతాయి. 19వ శతాబ్దంలో ఇంగ్లండులోనే బాగుచేస్తున్నామంటూ ఎన్నో చర్చిల గోడల గచ్చు గీకేసి, దాని మీది పాత బొమ్మలను కూడా పోగొట్టారు. అది చూడలేకే విలియం మోరిస్ అనే ఇంగ్లీషు కవి, కళాకారుడు 1877లో పాత కట్టడాల కోసం ఒక సంఘం పెట్టాడు, దానికి ‘గీకొద్దు’ అనే అర్థం వచ్చే ముద్దుపేరు కూడా ఉంది. సిమెంటు కూడా పూయనీయొద్దు. పాత గోడ చెమ్మ పీల్చి మళ్లీ బయటికి వదులుతుంది, సిమెంటు దాన్ని లోపలే బిగబడుతుంది, ఆనక రాయి పొరలు పొరలుగా రాలుతుంది.

తుంగభద్ర ఒడ్డు:
ఇద్దరికీ చాలా థాంక్స్. మిషన్ వాడు సోమవారం వస్తాడంట. ఇప్పుడే ప్రెసిడెంటుకు ఫోన్ చేశా, ముందు పురావస్తు శాఖవాళ్లకు చూపిద్దామంటే ఒప్పుకున్నాడు. ఒక స్తంభం మీద సున్నం కింద ఏదో గీత లీలగా కనిపిస్తోంది, పొద్దున పక్క వెలుతురులో ఫొటో తీసి పెడతా.

గానుగ సున్నం:
పెట్టండి సార్. గోరుతో కూడా గీకొద్దు.