సంక్రాంతి సెలవుల్లో మెరీనా బీచ్: మోకాళ్ల నొప్పులున్న అమ్మతో, చిన్న పిల్లలతో వెళ్లవచ్చా?

ప్రశ్న (ప్రొద్దుటూరు నుంచి)

పెన్నా ఒడ్డున పుట్టి పెరిగిన మా అమ్మ ఇంతవరకు సముద్రం చూడలేదు. ఈ సంక్రాంతి సెలవుల్లో ఆమెను, నా ఇద్దరు పిల్లలను చెన్నై మెరీనా బీచ్‌కు తీసుకువెళ్లాలని అనుకుంటున్నాను. అమ్మ చదునైన దారిలో మెల్లగా నడవగలదు గానీ ఇసుకలో ఎక్కువ దూరం నడవలేదు. పిల్లలేమో సముద్రంలో మునగాలని ఇప్పటి నుంచే పట్టుబడుతున్నారు. ముక్కనుమ నాడు వెళితే బాగుంటుందా, రైలు దిగాక ఎలా చేరుకోవాలి, పిల్లలను నీళ్లలోకి దింపవచ్చా అన్న విషయాలు తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1 (కడప, ప్రస్తుతం చెన్నైలో ఉద్యోగం)

ముందుగా పిల్లల సంగతి చెబుతానమ్మా. మెరీనాలో సముద్ర స్నానం నిషేధం, ఆ నిషేధానికి బలమైన కారణం ఉంది. ఇక్కడ ఒడ్డు కొద్ది అడుగుల్లోనే లోతుకు దిగిపోతుంది. అల విరిగి వెనక్కి మళ్లేటప్పుడు మడమల కింది ఇసుకను తోడుకుపోతుంది కాబట్టి మోకాలి లోతులో నిలబడిన పెద్దవాళ్లు కూడా తూలిపోతారు. ఈత బాగా వచ్చినవారు సైతం లోపలి ప్రవాహానికి చిక్కి ప్రాణాలు పోగొట్టుకున్నారు. మన బావుల్లో, చెరువుల్లో నేర్చిన ఈత ఇక్కడ అక్కరకు రాదు. పాదాలు తడిసేంత వరకే, అదీ మీరు చెయ్యి వదలకుండా పట్టుకొని నిలబడితేనే పిల్లలను నీటి అంచుకు తీసుకువెళ్లండి.

ఇక ముక్కనుమ నాడు దయచేసి వెళ్లవద్దు. అదే రోజు తమిళులకు కాణుం పొంగల్, ఇంటిల్లిపాదీ బయటికి వెళ్లే పండుగ. ఆ రోజు మెరీనాలో ఇసుక కనబడనంత జనం ఉంటారు. పోలీసులు నీటి వైపు కంచె కట్టి ఎవరినీ అలల దగ్గరకు పోనివ్వరు, తప్పిపోతే వెతకడానికి వీలుగా పిల్లల చేతికి ఫోను నంబరు రాసిన పట్టీ కడతారు. సముద్రాన్ని తొలిసారి చూడబోయే పెద్దావిడకు ఆ తొక్కిడి ఎందుకు? మన బడులకు భోగికి ముందే సెలవులు మొదలవుతాయి, అక్కడ పొంగల్ సెలవుల రద్దీ అప్పటికి మొదలుకాదు. ఆ రోజుల్లోనే వెళ్లిరండి.

జవాబు 2 (రాజంపేట నుంచి)

మన వైపు నుంచి రేణిగుంట, అరక్కోణం మీదుగా సెంట్రల్‌కు చేరే రైలు ఎక్కండి. చెన్నై బీచ్ అని ఒక స్టేషను ఉంది గానీ, పేరు చూసి అక్కడికి టికెట్టు తీసుకోవద్దు. అది హార్బరు ఎదుట ఉంటుంది, మెరీనా అక్కడ లేదు. లోకల్ రైలులో వెళ్లేవారు చేపాక్‌లోనో తిరువల్లిక్కేణిలోనో దిగుతారు, కానీ అక్కడి నుంచి కూడా కొంత నడక తప్పదు. అమ్మగారు ఉన్నారు కనుక సెంట్రల్ నుంచి ఆటోయే మేలు.

తెల్లవారకముందే చేరుకునేలా చూసుకోండి. తూర్పు తీరం కాబట్టి సూర్యుడు నీటిలో నుంచి లేచినట్టే కనబడతాడు. సాయంత్రం పొద్దు ఊరి వెనుక వాలిపోతుంది, సముద్రం మీద సూర్యాస్తమయం ఇక్కడ కనబడదు. దివ్యాంగుల కోసం ఇసుక మీదుగా నీటి దగ్గరి దాకా వేసిన చెక్క బాట 2022 నవంబరులో ప్రారంభమైంది. ఆ మరుసటి నెల మాండూస్ తుపానుకు దెబ్బతింటే బాగుచేశారు. ఆటో డ్రైవరుకు ముందే చెప్పి నేరుగా దాని ఎదుట దిగండి, అమ్మగారికి ఇసుకలో నడిచే బాధ చాలావరకు తప్పుతుంది. ఎండ ఎక్కాక పిల్లలను లైట్‌హౌస్‌కు తీసుకువెళ్లవచ్చు. 1977లో కట్టిన ఈ దీపస్తంభానికి లిఫ్టు ఉంది. సోమవారం మాత్రం సెలవు.

జవాబు 3 (కడప, విశ్రాంత భూగోళశాస్త్ర ఉపాధ్యాయుడు)

ఆ ఇసుక ఎందుకంత వెడల్పో పిల్లలకు చెప్పండి, చూసే చూపే మారుతుంది. రోడ్డు నుంచి నీటి అంచుకు సగటున 300 మీటర్లు నడవాలి. 19వ శతాబ్దంలో హార్బరు కట్టకముందు అలలు దాదాపు ఇప్పటి రోడ్డు దగ్గరి దాకా వచ్చేవి. ఈ తీరంలో ఏడాదిలో ఎక్కువ కాలం ప్రవాహం ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి మోసుకుపోతుంది. హార్బరు గోడలు దానికి అడ్డుపడటంతో దక్షిణాన ఇసుక మేటవేసి మెరీనా పెరిగింది, ఉత్తరాన రాయపురం వైపు అదే ఇసుక అందక ఒడ్డు కోసుకుపోయింది. 1884లో గవర్నరు గ్రాంట్ డఫ్ విహార బాట వేయించి మెరీనా అని పేరు పెట్టాడు. ఎదుట గుండ్రని గోడలతో కనిపించే వివేకానంద ఇల్లం 1842లో అమెరికా నుంచి ఓడల్లో వచ్చే మంచుగడ్డలను దాచడానికి కట్టినది. 1897లో వివేకానందుడు అక్కడ బస చేశాడు.

సాయంత్రం దాకా ఉంటే సుండల్ తినకుండా రావద్దు. ఉడికించిన బఠాణీల్లో కొబ్బరి కోరు, సన్నగా తరిగిన పచ్చి మామిడి ముక్కలు కలిపి కాగితపు పొట్లంలో పోసి ఇస్తారు. మన గుగ్గిళ్లకు దగ్గరి చుట్టమే గనుక అమ్మగారికి తప్పక నచ్చుతుంది. తిన్నాక పొట్లాన్ని ఇసుకలో వేయకుండా చెత్తబుట్టలో వేయమని పిల్లలకు చెప్పండి. జనవరి నుంచి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి రాత్రుళ్లు ఈ తీరానికే వస్తాయి.

అడిగినవారి మాట

అందరికీ ధన్యవాదాలు. భోగికి ముందే, ఆదివారం తగలకుండా చూసుకొని రాత్రి రైలుకు టికెట్లు తీసుకుంటాము. స్నానం కుదరదని పిల్లలకు ఇక్కడే, బయలుదేరకముందే చెబుతాను. అక్కడికి వెళ్లాక చెబితే వాళ్లను ఆపడం నా వల్ల కాదు.